28 అడుగుల స్లిప్‌కి 24 అడుగుల పడవ: క్లియర్ లేక్ కేస్ స్టడీ

హ్యూస్టన్‌కి ఆగ్నేయంగా లీగ్ సిటీలో ఉండే ఒక తెలుగు కుటుంబానికి క్లియర్ లేక్‌లోని ఒక మెరీనాలో (సొంత పడవలు నిలిపే రేవులో) స్లిప్ దొరికింది. పైకప్పు ఉన్న స్లిప్పులు ఊరికే ఖాళీ కావు కాబట్టి ముందు సంతకం పెట్టేశారు, పడవ సంగతి తర్వాత చూద్దామనుకున్నారు. కాంట్రాక్టులో రెండే అంకెలు ఉన్నాయి: పొడవు 28, వెడల్పు 12. వాటిని చూసి 26 అడుగుల పడవ సునాయాసంగా పడుతుందని లెక్కేసుకుని, బ్రోషర్లు ముందేసుకుని కూర్చున్నారు. చివరికి కొన్నది 24 అడుగుల పడవ. అది కూడా పొడవులో నాలుగు అంగుళాలు, ఎత్తులో మరో మూడంగుళాల మిగులుతో పట్టింది. ఆ రెండడుగులు ఎక్కడికి పోయాయన్నదే ఈ కేసు.

స్లిప్ అనే మాట అలవాటు లేనివాళ్ల కోసం ఒక్క ముక్క. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరపడవలను ఒకదాని పక్కన ఒకటి ఆనించి కడతారు. పక్క పడవ జరిగితే మీకు చోటు వస్తుంది. అమెరికా మెరీనాలో అలా కుదరదు. ప్రతి పడవకీ నీళ్లలో పాతిన గుంజల మధ్య ఒక గది ఉంటుంది. ఎదురుగా ప్రధాన వంతెన, ఒక పక్క ఎక్కి దిగడానికి సన్నటి చెక్క వంతెన, ఇంకో పక్క గుంజలు, వాటికి అవతల పొరుగువారి పడవ ఉంటాయి. గుంజ జరగదు, కాబట్టి అంగుళాల దగ్గర బేరం ఉండదు.

పడవ ఎంపికలో సాయానికి వచ్చిన మమ్మల్ని కుటుంబం అడిగినవి ఇవి. అయిదుగురు కూర్చోవాలి. నూటికి ఎనభై వంతులు క్లియర్ లేక్ కలిసే గాల్వెస్టన్ బే (అఖాతం) లోపలే చేపల వేట: రెడ్‌ఫిష్, స్పెకల్డ్ ట్రౌట్, ఫ్లౌండర్, బ్లాక్ డ్రమ్. మిగతా ఇరవై వంతులు గాల్వెస్టన్ జెట్టీల (బే ముఖద్వారం నుంచి సముద్రంలోకి కట్టిన రాతి గోడల) దాకా, వాతావరణం బాగున్న రోజున వాటిని దాటి కొంత దూరం. వాడిన పడవైనా పరవాలేదు. మోటారుతో, ట్రైలరుతో కలిపి 90 వేల డాలర్లు దాటకూడదు.

కొలతలు: టేపు, పొడవాటి కర్ర, నీటిమట్టం గేజ్

కాంట్రాక్టులో రాసిన 12 అడుగులు గుంజ నడిమి నుంచి గుంజ నడిమికి కొలిచిన దూరం. గుంజ మందం అడుగు దాకా ఉంటుంది. అంటే అందులో పడవకి దక్కేది 11 అడుగులే. ఇలాంటి అంకెను మెరీనావాళ్లు మోసం కోసం రాయరు, వాళ్ల కట్టడం నక్షాలో అలాగే ఉంటుంది. చూసుకోవలసింది పడవవాళ్లే.

నీటి అంచు దగ్గర మూడు చోట్ల కొలిస్తే ప్రవేశం వద్ద 11 అడుగుల 4 అంగుళాలు, నడుమ 11 అడుగుల 1 అంగుళం, లోపల 11 అడుగుల 3 అంగుళాలు వచ్చాయి. అక్కడితో ఆగిపోతే తప్పు. పడవకి అన్నిటికంటే వెడల్పైన చోటు నీటి దగ్గర ఉండదు, రబ్బరు పట్టీ ఉండే అంచు దగ్గర, అంటే నీటికి సుమారు మూడడుగుల పైన ఉంటుంది. ఒక గుంజ లోపలికి ఒరిగి ఉంది. మూడడుగుల ఎత్తులో టేపు పెడితే 10 అడుగుల 11 అంగుళాలే మిగిలింది. ఈ కేసులో వెడల్పు అంటే ఆ ఒక్క అంకే. దానిలోంచి రెండు పక్కలా ఎనిమిదేసి అంగుళాల ఫెండర్లకు (పడవ రాసుకోకుండా వేలాడదీసే దిండ్లకు) 16 అంగుళాలు తీసేస్తే 9 అడుగుల 7 అంగుళాలు. పడవ కాస్త ఊగడానికి మరో నాలుగు తీసేస్తే 9 అడుగుల 3 అంగుళాలు.

ఎత్తు ఎవరూ అడగరు. పైకప్పు ఎండనీ వాననీ కాస్తుందని సంతోషిస్తారు, దాన్ని మోసే అడ్డదూలాన్ని చూడరు. కొలిచిన రోజు నీటి నుంచి దూలం అడుగు భాగానికి 10 అడుగుల 9 అంగుళాలు ఉంది. చాలా ఉన్నట్టే అనిపిస్తుంది. అయితే ఆ రోజు నీళ్లు ఎక్కడున్నాయి? బే ఒడ్డున ఈగిల్ పాయింట్ దగ్గర అమెరికా వాతావరణ, సముద్ర సంస్థ నోవా వారి నీటిమట్టం గేజ్ ఉంది. ఆ వేళకి అది సున్నాకి పైన 1.2 అడుగులు చూపిస్తోంది. ఇక్కడ సున్నా అంటే రోజువారీ కనిష్ఠ నీటిమట్టాల సగటు. అంటే సున్నా నుంచి దూలం 11 అడుగుల 11 అంగుళాల ఎత్తులో ఉంది.

గాల్వెస్టన్ బేలో చంద్రుడి వల్ల వచ్చే ఆటుపోటు అడుగు, అడుగున్నర మించదు. అక్కడ నీళ్లను నడిపేది గాలి. ఆగ్నేయ గాలి రోజుల తరబడి పట్టినా, తుపాను మెక్సికో గల్ఫ్‌లో ఎక్కడో ఉన్నా నీళ్లు బేలోకి ఎక్కి కూర్చుంటాయి. ఈ కేసులో గేజ్ మీద ప్లస్ 3.5 దాకా పడవ స్లిప్‌లోనే ఉండాల్సి రావచ్చని పెట్టుకున్నాం, అంతకు మించి వచ్చేలా ఉంటే పడవని బయటికి లాగేయడమే. అలా చూస్తే దూలం కింద మిగిలేది 8 అడుగుల 5 అంగుళాలు. అల ఊపుకి ఆరంగుళాలు తీసేస్తే 7 అడుగుల 11 అంగుళాలు. నీటి నుంచి పడవ కొప్పు దాకా, దాని మీద ఉన్న ప్రతి లైటుతో, ప్రతి గొట్టంతో కలిపి, అంతకు మించకూడదు.

ఇక లోతు. అంగుళాల గీతలు పెట్టిన కర్రతో రెండు చోట్ల దించి చూశాం. మెత్తటి బురద తగిలిన చోట ఒక అంకె, గట్టి నేల తగిలిన చోట ఇంకొకటి వస్తుంది. నమ్మాల్సింది మొదటిదాన్ని. బురద పడవ అడుగుని ఏమీ చేయదు కానీ మోటారు నీళ్లు పీల్చే రంధ్రాల్లోకి వెళ్తే పంపులో నీటిని తోసే రెక్కల చక్రాన్ని (ఇంపెల్లర్‌ని) తినేస్తుంది. ప్రవేశం వైపు 4 అడుగుల 6 అంగుళాలు, లోపల వంతెన వైపు 3 అడుగుల 10 అంగుళాలు వచ్చాయి. గేజ్ 1.2 తీసేస్తే సున్నా దగ్గర ఇవి సుమారు 3 అడుగుల 4 అంగుళాలు, 2 అడుగుల 8 అంగుళాలు.

శీతాకాలంలో ఇక్కడ ‘నార్తర్’ అనే ఉత్తరపు గాలి దిగుతుంది. అది బేలోని నీళ్లను గల్ఫ్‌లోకి తోసేస్తుంది. నిన్న తేలిన పడవలు ఇవాళ బురదలో కూర్చుని కనిపించేది అప్పుడే. లెక్కకి గేజ్ మైనస్ 1.5 అనుకుంటే ప్రవేశం వైపు 1 అడుగు 10 అంగుళాలు, లోపల 1 అడుగు 2 అంగుళాలు మిగులుతాయి. దీంతో రెండు విషయాలు తేలిపోయాయి. ఒకటి, మోటారు పడవ లోపల ఉండి, ఎత్తడానికి వీలులేని షాఫ్టు కిందికి దిగే ఇన్‌బోర్డు రకాలు ఇక్కడ కుదరవు. పడవ వెనుక బయట బిగించే, పైకెత్తగలిగే ఔట్‌బోర్డు మోటారే దారి. రెండు, పడవకి వెనుక భాగం బరువు, ముందు భాగం తేలిక కాబట్టి వెనుక కొస లోతు ఎక్కువున్న ప్రవేశం వైపే ఉండాలి. అంటే పడవ ముందుకే దూరాలి. ఎక్కి దిగడానికి వెనక్కి పెట్టుకోవడమే సుఖమని చాలామంది అంటారు, నిజమే కూడా. కానీ ఈ స్లిప్‌లో ఆ సుఖం లేదు.

ముందుకు దూరితే ఎత్తిపెట్టిన మోటారు స్లిప్పుల మధ్య నీటి దారి వైపుకి పొడుచుకొస్తుంది. మెరీనా నియమం ప్రకారం ముందు లంగరు రోలరు నుంచి ఎత్తిన మోటారు కొస దాకా మొత్తం 28 అడుగుల గీత దాటకూడదు. ముందు కొసకీ వంతెనకీ మధ్య పది అంగుళాల ఎడం ఉండాలి. అది లేకపోతే మొదటి గాలికే కొస వంతెనని గుద్దుతుంది. కాబట్టి పడవకి దక్కే పొడవు 27 అడుగుల 2 అంగుళాలు, అదీ మోటారు పూర్తిగా పైకెత్తి కొలిచినప్పుడు.

బ్రోషరులో ‘26’ అన్న అంకెకి ఈ పొడవుతో సంబంధం తక్కువ. అది మోడల్ పేరు. కొందరు ఒట్టి హల్లు (పడవ డొప్ప) పొడవు రాస్తారు. ముందుకు పొడుచుకొచ్చే పల్పిట్, వెనుక మోటారుని మోసే బ్రాకెట్, మోటారు అందులో ఉండవు. కోస్ట్ గార్డ్ లెక్క కూడా పల్పిట్‌నీ మోటారు బ్రాకెట్‌నీ వదిలేస్తుంది. మెరీనావాళ్లు మాత్రం ఏదీ వదలరు. ఒకే పడవకి మూడు పొడవులు ఉంటాయి, అమ్మేవాడు ఏ పొడవు చెబుతున్నాడో అడగాలి.

అయిదు పడవలు

మొదటిది కుటుంబం మనసుపడ్డ 26 అడుగుల వాక్‌అరౌండ్. ముందు చిన్న గది, రెండు మోటార్లు. హల్లు 26 అడుగుల 1 అంగుళం, పల్పిట్ 1 అడుగు 11 అంగుళాలు, వెనుక బ్రాకెట్‌తో మోటార్లు 2 అడుగుల 9 అంగుళాలు. కూడితే 30 అడుగుల 9 అంగుళాలు, మోటార్లు ఎత్తితే ఇంకా పెరుగుతుంది. వెడల్పు 9 అడుగుల 6 అంగుళాలు. పల్పిట్ కోయించేద్దామా అని కూడా అడిగారు. చెప్పు కోసం కాలు తెగ్గోసుకోవడమే అది. లంగరు వేసే పద్ధతి మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుంది, కోసినా అడుగున్నరకు పైగా ఎక్కువే మిగిలిపోతుంది.

రెండోది 25 అడుగుల పైలట్‌హౌస్, గట్టి కప్పుతో. చలికాలం వేటకి నిజంగా మంచి పడవ. నీటి నుంచి కప్పు 9 అడుగుల 2 అంగుళాలు. ఈ స్లిప్‌లో గేజ్ ప్లస్ 2.75 చేరగానే కప్పు దూలాన్ని తాకుతుంది. అందుకు తుపానే రానక్కర్లేదు. పడవ పైకి లేవలేక దూలం కింద ఇరుక్కుంటే నీళ్లు మాత్రం లేస్తూనే ఉంటాయి. కప్పు చితుకుతుంది, లేదా అంచు మీంచి నీళ్లు లోపలికి వస్తాయి. వెడల్పు 9 అడుగుల 4 అంగుళాలు అన్నది ఇక రెండో సంగతి. పొడవు చూసి కొనేవాళ్లు సరిగ్గా ఇలాంటి పడవ దగ్గరే దెబ్బతింటారు.

మూడోది రెండు హల్లుల కాటమరాన్, 24 అడుగులు, 150 హార్స్‌పవర్ మోటార్లు రెండు. బేలో లోతు తక్కువ కాబట్టి అలలు పొట్టిగా, నిటారుగా, దగ్గరదగ్గరగా లేస్తాయి. వాటి మీద ఈ రకం మెత్తగా పోతుంది. మోటార్లు దూరదూరంగా ఉంటాయి కాబట్టి ఇరుకు దారిలో ఉన్నచోటే తిరుగుతుంది. పొడవు ఎత్తిన మోటార్లతో 27 అడుగుల 3 అంగుళాలు, టి-టాప్ (గొట్టాల మీద నిలబెట్టిన కప్పు) 8 అడుగుల 1 అంగుళం. పొడవులో ఒక అంగుళం, ఎత్తులో రెండు అంగుళాలు ఎక్కువ. బడ్జెట్ కూడా దాటింది, రెండు మోటార్లకు రెండు సర్వీసులు. డబ్బు, కప్పు అడ్డు లేని స్లిప్ ఉన్నవాళ్లకి ఇదే మొదటి మాట కావాలి.

అసలు పోటీ మిగిలిన రెండింటి మధ్యే.

నాలుగోది 24 అడుగుల బే బోట్. 8 అడుగుల 6 అంగుళాల వెడల్పు, ఎత్తిన మోటారుతో 26 అడుగుల 8 అంగుళాలు, మోటారు పైకెత్తితే 1 అడుగు 2 అంగుళాల నీళ్లు చాలు, కప్పే లేదు. స్లిప్‌కి అన్నిటికంటే బాగా పట్టేది ఇదే. వేట బే లోపలే అయితే ఇక వెతకనక్కర్లేదు. ఇబ్బంది మిగతా ఇరవై వంతుల దగ్గర వచ్చింది. హల్లు వెనుక వి-కోణం 15 డిగ్రీలే, అంటే అడుగు కాస్త చదును, అంచు ఎత్తు కూడా తక్కువ. హ్యూస్టన్ షిప్ ఛానెల్‌లో పెద్ద ఓడలు లేపే అలల్ని అడ్డంగా దాటేటప్పుడు, జెట్టీల మధ్య పాటు నీరు గాలికి ఎదురుగా పరుగెత్తేటప్పుడు ఆ తేడా వీపుకి తెలుస్తుంది. ఇంకో సంగతి కూడా ఉంది. డెక్కు నీటిమట్టానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ముగ్గురు పెద్దవాళ్లు వెనక్కి చేరితే నీరు బయటికి పోవాల్సిన స్కప్పర్ రంధ్రాల్లోంచి లోపలికి వస్తుంది. ఎప్పుడూ నీళ్లలోనే ఉండే పడవకి ఇది చిన్న విషయం కాదు.

అయిదోది 24 అడుగుల సెంటర్ కన్సోల్ (స్టీరింగు నడిమధ్య ఉండే తెరిచిన పడవ), వాడినది, ఒకే 300 హార్స్‌పవర్ మోటారు, 420 గంటలు నడిచింది. వి-కోణం 21 డిగ్రీలు. వెనుక వేదిక కొసతో సహా హల్లు 24 అడుగుల 2 అంగుళాలు, లంగరు రోలరు ముందుకు 4 అంగుళాలు. మోటారు దించితే వేదిక దాటి 1 అడుగు 3 అంగుళాలు, పూర్తిగా ఎత్తితే 2 అడుగుల 4 అంగుళాలు. ఎత్తినప్పుడు మూత ముందుకు వాలుతుంది కానీ గేర్ కేసు వెనక్కి చాచుకుంటుంది. ఆ పదమూడు అంగుళాలు బ్రోషరులో దొరకవు. మొత్తం 26 అడుగుల 10 అంగుళాలు. పది అంగుళాల ఎడంతో కలిపి 27 అడుగుల 8 అంగుళాలు. మోటారు ఎత్తితే నీటి లోతు 1 అడుగు 7 అంగుళాలు, నార్తర్ రోజున ప్రవేశం దగ్గర మూడంగుళాలు మిగులుతాయి. మోటారు దించితే 2 అడుగుల 9 అంగుళాలు కావాలి. అంటే నీళ్లు అంతగా తగ్గిన రోజు పడవ కదలదు. కుటుంబానికి ఆ మాట ముందే చెప్పాం, ఒప్పుకున్నారు.

వెడల్పు 8 అడుగుల 6 అంగుళాలు కావడం స్లిప్ కంటే రోడ్డుకి ఎక్కువ ఉపయోగం. అమెరికాలో ప్రత్యేక అనుమతి లేకుండా ట్రైలరు మీద లాగగలిగే వెడల్పు అంతే. 9 అడుగుల 4 అంగుళాల పడవకి అధిక వెడల్పు అనుమతి కావాలి, తుపాను హెచ్చరిక వచ్చాక దాని కోసం తిరిగే సమయం ఉండదు. 2008 సెప్టెంబరు 13న ఐక్ తుపాను గాల్వెస్టన్ దగ్గర తీరం దాటింది. దాని ఉప్పెన చూసినవాళ్లెవరూ క్లియర్ లేక్‌లో పడవని స్లిప్‌కి వదిలేసి పోవాలనుకోరు. బరువు లెక్క: ఒట్టి హల్లు 4,000 పౌండ్లు, మోటారు సుమారు 560, పెట్రోలు 120 గాలన్లు గాలనుకి 6.1 చొప్పున 732, సామాను 400, ట్రైలరు 1,500. కలిపి 7,200 పౌండ్ల దగ్గర. సరైన టోయింగ్ ప్యాకేజీ ఉన్న మామూలు పికప్ దీన్ని లాగుతుంది.

టి-టాప్ పై రేకు నీటి నుంచి 7 అడుగుల 8 అంగుళాలు. సరిపోయిందనుకునేలోపు దాని మీది తెల్ల లైటు కనబడింది, ఇంకో అయిదంగుళాలు. 8 అడుగుల 1 అంగుళం అంటే కాటమరాన్‌ని తిప్పి పంపిన అంకే. ఇక్కడ మందు సులువు. ఆ లైటు తీసేసి మడిచే రకం బిగించడం, ఎనిమిది అడుగుల వీహెచ్‌ఎఫ్ రేడియో యాంటెన్నాకి మడత మౌంటు పెట్టడం. కొలిచినప్పుడు ట్యాంకు సగం నిండి ఉంది. ఖాళీ అయితే పడవ ఇంకా పైకి తేలుతుంది, దాన్ని అల ఊపుకి వదిలిన ఆ ఆరంగుళాల్లోనే సర్దుకోవాలి. టి-టాప్ వెనుక గొట్టాల్లో గాలపు కర్రలు నిలబెట్టి స్లిప్‌లోకి రాకూడదు. మొదటి నెలలో ఒక కర్ర పోయింది.

కొనే ముందు

ఆఫరు కాగితంలో మూడు షరతులు రాయించాం: సర్వే (నిపుణుడి తనిఖీ), నీళ్లలో నడిపి చూడటం, స్లిప్‌లో పట్టడం. మూడోది ఎవరూ రాయించుకోరు. అమ్మేవాళ్లు వింతగా చూస్తారు, కానీ ట్రైలరు మీద పడవకి ఎత్తిన మోటారుతో టేపు పట్టడానికి పావుగంట చాలు. ట్రైలరు మీద ఎత్తు కొలిచేటప్పుడు నేల నుంచి కాదు, హల్లు మీద నీటి మరక ఉన్న గీత నుంచి కొలవాలి.

సర్వేలో వెనుక పలక మీద తేమ మీటరు, చిన్న సుత్తితో తట్టి చూడటం, మోటారు కంప్యూటరు నుంచి నడిచిన గంటలు, సిలిండర్ల కంప్రెషన్. ఇవన్నీ బాగానే వచ్చాయి. టెక్సస్‌లో పడవకి ఒక టైటిల్ (యాజమాన్య పత్రం), ఔట్‌బోర్డు మోటారుకి వేరే టైటిల్ ఉంటాయి. వాడిన పడవ కొనేటప్పుడు రెండూ అమ్మేవాడి పేరు మీదే ఉన్నాయా, నంబర్లు లోహం మీద ఉన్నవాటితో కలుస్తున్నాయా చూసుకోవాలి. మోటారు మధ్యలో మార్చిన పడవల్లో ఇక్కడే చిక్కు. అమ్మకం పన్ను 6.25 శాతం, బడ్జెట్‌లో ముందే కలుపుకోవాలి.

కోస్ట్ గార్డ్ కొలత ప్రకారం పడవ 26 అడుగుల లోపే కాబట్టి 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఇంజిన్ కటాఫ్ లింకు నియమం దీనికి వర్తిస్తుంది. ప్లేనింగ్‌లో, అంటే వేగానికి పడవ నీటి పైకి లేచి పోతున్నప్పుడు, నడిపేవాళ్లు పడిపోతే మోటారుని ఆపే ఈ తాడు తగిలించుకోవలసిందే. 5-బి రేటింగు అగ్నిమాపక సిలిండరు ఒకటి, ఒకసారి వాడి పారేసే రకమైతే దాని మీది తయారీ తేదీ నుంచి 12 ఏళ్లు దాటకుండా. 1993 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు టెక్సస్‌లో ఇలాంటి పడవ నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ పూర్తిచేయాలి. ఈ ఇంట్లో కాలేజీ చదువుతున్న కొడుక్కి అది పడింది.

ట్రైలరు పడవని నీటి పడవ చేయడం

ఈ పడవ అంతవరకూ ట్రైలరు మీదే ఉంది, హల్లు అడుగున రంగు లేదు. అలాగే నీళ్లలో వదిలేస్తే వేసవిలో రెండు మూడు వారాలకే బార్నకిల్స్ (అంటుకుపోయే గుల్లలు) పట్టుకుంటాయి, నెలల తరబడి ఉంటే జెల్‌కోట్‌లో (హల్లు మీది నున్నటి పై పూతలో) నీటి బొబ్బలు లేవొచ్చు. ముందు మైనం తీసే ద్రావకంతో తుడవాలి, ఆ తర్వాతే 80 నంబరు కాగితంతో రుద్దాలి. ఈ వరస తిరగేస్తే మైనం గీతల్లోకి దిగి, పైన వేసిన ఎపాక్సీ ఏడాదిలో పొరలు పొరలుగా ఊడుతుంది. నీరు ఇంకనివ్వని ఎపాక్సీ బారియర్ పొర ఆరాక 10 మిల్స్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) వచ్చేదాకా, రోలరుతో నాలుగైదు పూతలు. ఆఖరి పూత ఇంకా వేలికి కాస్త అంటుతుండగానే మొదటి ఆంటీఫౌలింగ్ (గుల్లలు, నాచు పట్టనివ్వని రంగు) పూత వేయాలి. పూర్తిగా గట్టిపడనిస్తే మళ్లీ రుద్దడమే.

అడుగు విస్తీర్ణానికి చేతి లెక్క: పొడవు ఇంటూ వెడల్పు ఇంటూ 0.85. 24.2 × 8.5 × 0.85 అంటే 175 చదరపు అడుగులు. ఆంటీఫౌలింగ్ గాలను ఒక పూతకి సుమారు 400 చదరపు అడుగులు వస్తుంది. రెండు పూతలకు ఒకటి చాలు, నీటిగీత దగ్గర, ముందు అంచు మీద మూడో పూతకి ఇంకో క్వార్టు. అరిగే రకాన్నే ఎంచుకున్నాం, ఎందుకంటే పడవ తిరుగుతుంటే అదే కొత్త పొర బయటపెడుతుంది. రంగు గీతని పడవ నిండు బరువుతో తేలే నీటిగీతకి రెండంగుళాల పైకి పెట్టాలి. ఖాళీ పడవ చూసి గీస్తే వెనుక మూలలు ఎప్పుడూ పచ్చగా నాచు పట్టి ఉంటాయి. రాగి ఉన్న ఈ రంగు అల్యూమినియం మోటారుకి తగలకూడదు.

యానోడ్లు, అంటే మోటారు లోహం బదులు తామే అరిగే ముక్కలు, అల్యూమినియంవే ఉంచాం. క్లియర్ లేక్ నీరు ఉప్పూ మంచీ కలిసిన నీరు, పెద్ద వాన తర్వాత దాదాపు మంచినీరే. అలాంటి చోట జింకు మీద పొర గట్టిపడి పనిచేయడం మానేస్తుంది. ఒడ్డు కరెంటుకి ఛార్జరు తగిలించి ఉంచుతారు కాబట్టి గాల్వానిక్ ఐసోలేటరు కూడా పెట్టాం. అది లేకపోతే ఎర్త్ తీగ ద్వారా పక్క పడవల లోహాలతో బ్యాటరీలా కలిసిపోయి మీ యానోడ్లు వాళ్ల కోసం అరుగుతాయి.

పడవ అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపు ఒకటే ఉంది, గంటకి 800 గాలన్లది. డబ్బా మీది అంకె ఎత్తు లేకుండా, పూర్తి వోల్టేజీతో కొలిచింది. మూడడుగులు పైకి తోయాలంటే దానికి బాగా తక్కువే వస్తుంది. రెండో పంపు 1,500ది, మూడంగుళాల పైన, వేరే ఫ్లోటు స్విచ్‌తో, వేరే బ్యాటరీకి ఫ్యూజుతో నేరుగా కలిపాం, మెయిన్ స్విచ్ ఆపినా పనిచేసేలా. పైకప్పు ఉండగా ఇంత ఎందుకంటారా? తెరిచి ఉండే డెక్కు 150 చదరపు అడుగులు. అంగుళం వాన పడితే 93 గాలన్లు, 780 పౌండ్లు. 2017 ఆగస్టులో హార్వీ తుపాను ఈ ప్రాంతంలో 40 అంగుళాలకు పైగా కురిసింది. గాలి వాన కప్పు కింద పక్కల నుంచి కొడుతుంది, స్కప్పర్‌ని ఒక ఎండుటాకు మూసేస్తుంది. పడవలు మునిగేది ఎక్కువగా స్లిప్‌లోనే, నడి సముద్రంలో కాదు.

మోకులు, ప్రవేశం, మొదటి నార్తర్

వంతెన స్థిరం, నీళ్లు మైనస్ 1.5 నుంచి ప్లస్ 3.5 దాకా అయిదడుగులు ఆడతాయి. ఇరుకు స్లిప్‌లో మోకు పొడవే భద్రత. మూడడుగుల పొట్టి మోకు కట్టారనుకోండి, నీళ్లు మూడడుగులు దిగితే దానికి 4 అడుగుల 3 అంగుళాలు కావాలి, అంటే 15 అంగుళాలు వదులు వదలాలి. ఆ వదులుతో మామూలు రోజుల్లో పడవ గుంజలకి కొట్టుకుంటుంది. అదే పడవ పక్కనే పొడవునా కట్టే పది అడుగుల స్ప్రింగ్ మోకైతే అంతే దిగుడుకి అయిదంగుళాలు చాలు. అందుకే ముందు రెండు, వెనుక అడ్డంగా దాటించి రెండు, పక్కన పొడవాటి స్ప్రింగ్ మోకులు రెండు, అన్నీ అరంగుళం మూడు పేటల నైలాను.

స్లిప్పుల మధ్య దారి 40 అడుగులు. పడవ పొడవుకి ఒకటిన్నర రెట్లు కావాలంటారు, అంటే 40 అడుగుల 3 అంగుళాలు, పట్టీ పట్టనట్టు. ఒకే మోటారు ఉన్నప్పుడు ముందు స్టీరింగు తిప్పాలి, తర్వాతే గేరు వేయాలి. ఇది తిరగబడితే పడవ ముందు భాగం గాలికి తగిలి పక్కకి జారుతుంది. చెక్క వంతెన లేని పక్క బయటి గుంజ నుంచి ప్రధాన వంతెన దాకా, అంచుకి కాస్త పైన, ఒక తాడు బిగించి వదిలేశాం. గాలి తోసినా పడవ పొరుగు పడవ మీదికి పోకుండా దానికి ఆనుకుని లోపలికి జారిపోతుంది. ఇరవై డాలర్ల తాడు.

మొదటి నార్తర్ రాత్రి లోతు లెక్క సరిగ్గానే నిలిచింది. గేజ్ మైనస్ 1.1 దాకా దిగినా పడవ అడుగు నేలని తాకలేదు. దెబ్బ ఇంకోచోట తగిలింది. అంతకు ముందు వారం ఎవరో ముందు మోకులు రెండూ ‘ఊగుతోంది’ అని బిగించి కట్టారు. నీళ్లు దిగాయి, పడవ దిగలేక ముందు భాగం మోకులకు వేలాడింది. కుడివైపు క్లీట్ (మోకు కట్టే కొమ్ము) కింది ప్లేటు వంగి, ఒక బోల్టు చుట్టూ జెల్‌కోట్ నక్షత్రంలా చిట్లింది. క్లీట్ విప్పి, కింద పెద్ద అల్యూమినియం ప్లేటు వేసి, సీలెంటుతో మళ్లీ బిగించడానికి ఒక పూట పట్టింది. ఇప్పుడు ప్రతి గుంజ మీదా మోకు ఎక్కడ దాకా రావాలో తెల్ల రంగుతో గీత ఉంది, మోకు మీద అదే చోట ఎర్ర దారం చుట్టి ఉంది. రెండూ కలిసేలా కట్టడం ఇంట్లో చిన్నవాడికి కూడా వచ్చు.

ఆరు నెలలకి పడవని పైకి లాగి చూస్తే హల్లు శుభ్రంగా ఉంది. ఎత్తిన మోటారు బ్రాకెట్ కింది కొస మాత్రం నీళ్లలోనే ఉండిపోతోంది, అక్కడ బార్నకిల్స్ పట్టాయి. బ్రాకెట్ యానోడ్ సగం అరిగింది, అంటే పనిచేస్తోందన్నమాట. దాన్ని మార్చి, బార్నకిల్స్‌ని ప్లాస్టిక్ గరిటెతో గీకి, ఎత్తు తాళం లివరు పడిందో లేదో చూసి మళ్లీ దించాం. హైడ్రాలిక్ మీదే మోటారుని వదిలేస్తే వారాల్లో మెల్లగా కిందికి దిగుతుంది.